రాయి మీదికి చక్రం!

లిఫ్ట్ కిట్ వేయించాం. లైట్ల బారు బిగించాం. టాపు మీద క్యారియర్ కట్టాం. అన్నిటికంటే కిందుగా వేలాడుతూ మొదటి దెబ్బ తినే డిఫరెన్షియల్‌ను మాత్రం రాళ్ల దయకు వదిలేశాం.

కొత్త ఫోర్ బై ఫోర్ కొన్నవాళ్లు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. బానెట్ మీద చెయ్యేసి ఒకటి, ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టి ఇంకొకటి. నేల మీద గోనెపట్టా పరుచుకుని, వెల్లకిలా పడుకుని బండి అడుగు చూసేవాళ్లు అరుదు. చూస్తే కనిపించేది ఇది: చక్రాలు రెంటినీ కలుపుతూ అడ్డంగా లావుపాటి ఇనుప గొట్టం. ఆ గొట్టానికి నడుమనో, కాస్త ఓ పక్కకి జరిగో గుమ్మడికాయంత ఇనుప బుర్ర. అదే డిఫరెన్షియల్. చక్రాలను పక్కన పెడితే, ఇలాంటి బండ్లలో నేలకు అన్నిటికంటే దగ్గరగా ఉండేది సాధారణంగా అదే. ఇంజిన్ బలం చక్రాలకు చేరేముందు చివరి మలుపు తిరిగేదీ అందులోనే.

అంత ముఖ్యమైనదాన్ని అంత కిందుగా ఎందుకు పెట్టారంటే, చక్రాల ఇరుసు ఎక్కడుంటే అదీ అక్కడే ఉండాలి కాబట్టి. తారురోడ్డు మీద తిరిగినంత కాలం దానివల్ల ఇబ్బందేమీ లేదు. వాగులోకో, గుట్ట మీదికో, అడవి దారిలోకో బండి దించినప్పుడే అసలు పరీక్ష. ఆ పరీక్షకు మనవాళ్లు తయారయ్యే తీరు చూస్తే, ఖర్చంతా కంటికి కనిపించే భాగాల మీదే పెడుతున్నారు. డిఫరెన్షియల్‌ను కాపాడేవి ప్రధానంగా రెండే: చక్రం ఎక్కడ పెట్టాలో తెలిసిన డ్రైవరు, తగిన చోట బిగించిన మందపాటి ప్లేటు. మిగతా హంగులన్నీ వీటి తర్వాతే.

నూనెలో మునిగి తిరిగే గేర్లు

మలుపులో బయటి చక్రం లోపలి చక్రంకన్నా ఎక్కువ దూరం పోవాలి. రెండూ ఒకే ఇరుసుకు బిగిసి ఉంటే ఏదో ఒకటి నేలను ఈడ్చుకుంటూ పోతుంది. ఈ చిక్కు విప్పిన వాళ్లలో ముందు చెప్పుకోవాల్సినవాడు ఫ్రాన్స్‌కు చెందిన గడియారాల పనివాడు ఒనెసిఫోర్ పెకూర్. 1827లో ఆవిరిబండి కోసం ఆయన కూర్చిన గేర్ల అమరిక సూత్రమే ఇప్పటికీ మన కార్ల కింద తిరుగుతోంది. గేర్‌బాక్సు నుంచి వచ్చే షాఫ్టు చివర పినియన్ అనే చిన్న గేరు ఉంటుంది. అది క్రౌన్ వీల్ అనే పెద్ద పళ్లచక్రాన్ని తిప్పుతుంది. క్రౌన్ వీల్‌తో పాటు తిరిగే చిన్న గేర్లు కుడి ఎడమ చక్రాలకు వేగాన్ని పంచిపెడతాయి.

1920ల్లో అమెరికాలోని ప్యాకార్డ్ కంపెనీ హైపాయిడ్ గేర్లను కార్లలోకి తెచ్చింది. పినియన్‌ను క్రౌన్ వీల్ నడిమి గీతకన్నా కిందికి దించడం ఇందులోని కిటుకు. షాఫ్టు దిగింది, దాంతో కారు ఫ్లోరూ దిగింది, పట్నం వాళ్లు సుఖపడ్డారు. రాళ్లదారి పట్టేవాళ్లకు మాత్రం షాఫ్టు కొస, దాని జాయింటు కూడా రాయికి అందేంత కిందికి వచ్చి కూర్చున్నాయి. పైగా హైపాయిడ్ పళ్లు ఒకదానిమీద ఒకటి జారుతూ రాసుకుంటాయి. మామూలు నూనె ఆ ఒత్తిడికి నిలవదు. గంధకం కలిసిన జీఎల్-5 రకం గేర్ ఆయిల్ పొయ్యాల్సిందే. డిఫరెన్షియల్ మూత తియ్యగానే ముక్కుపుటాలదిరే ఆ వాసన దానిదే. బండిని బట్టి లీటరు నుంచి రెండున్నర లీటర్ల దాకా పడుతుంది. ఆ కాస్తా కారిపోయాక కూడా బండి నడిపితే బేరింగులు కాలి, పళ్లు అరిగి, మొత్తం గేర్ల సెట్టే మార్చాల్సి వస్తుంది. క్రౌన్ వీల్, పినియన్ జంటగా రాపిడి పట్టించి తయారుచేసినవి. ఒకటి పోతే రెండూ మార్చాలి. షిమ్ములు పెట్టి, పళ్ల మధ్య ప్లే చూసి, రంగు పూసి పన్ను పన్ను ఎక్కడ తాకుతోందో పరీక్షించి బిగించడం ఓపికా అనుభవమూ ఉన్న మేస్త్రీ పని. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఆ చేతులు దొరుకుతాయి. మారేడుమిల్లి దాటాక అడవిలో దొరకవు.

రాయి ఎక్కడ తగులుతుంది?

ముందుకు వెళ్లే బండిలో రాయిని మొదట కలిసేది ముందు యాక్సిల్. అక్కడే ఒక తిరకాసు ఉంది. షాఫ్టు ముందు డిఫరెన్షియల్‌లోకి వెనకవైపు నుంచి దూరుతుంది. కాబట్టి పోతపోసిన బలమైన భాగం వెనక్కి, పల్చటి రేకు మూత ముందుకు, అంటే సరిగ్గా రాళ్లవైపుకు తిరిగి ఉంటాయి. వెనక యాక్సిల్‌లో దీనికి తలకిందులు. షాఫ్టు ముందునుంచి వస్తుంది, మూత వెనక్కి ఉంటుంది. ముందుకు పోతున్నప్పుడు వెనక యాక్సిల్‌లో రాయి తగిలేది పినియన్ ఉన్న గట్టి భాగానికి. ఎక్కలేక జారి వెనక్కి వచ్చిన బండికే వెనక మూత సొట్టపోతుంది. వెనక డిఫరెన్షియల్‌కు ముందుగా గార్డు వేయించి ముందుదాన్ని మర్చిపోయేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

ఆ మూతల్లోనూ రెండు రకాలున్నాయి. అమెరికా కంపెనీ డానా తరహా యాక్సిళ్లలో మూత విడిగా వచ్చి బోల్టులతో బిగుస్తుంది. పేరున్న డానా 44కైతే పది బోల్టులు. సొట్ట పడితే మూత మార్చుకోవచ్చు. టొయోటా, సుజుకీ రిజిడ్ యాక్సిళ్లది, అంటే రెండు చక్రాలనూ ఒకే గొట్టం కలిపేవాటిది, వేరే పద్ధతి. గేర్ల గుత్తి మొత్తాన్ని ఒకవైపు నుంచి దూర్చి బిగిస్తారు. రెండోవైపు రేకు బుర్ర హౌసింగ్‌కే వెల్డింగ్ అయి ఉంటుంది. 1985లో వచ్చిన మారుతి జిప్సీ, 2023లో వచ్చిన జిమ్నీ ఈ కోవలోవే. అక్కడ సొట్ట పడితే విప్పి మార్చడానికి మూతంటూ లేదు.

దెబ్బ తగిలితే జరిగేది ఏమిటి? రేకు లోపలికి నొక్కుకుని క్రౌన్ వీల్‌ను తాకుతుంది. తిరిగే పళ్లు ఆ రేకును గీకుతాయి. ఇనుప రజను నూనెలో కలిసి బేరింగుల్లోకి పోతుంది. బండి నడుస్తూనే ఉంటుంది కాబట్టి చాలామందికి ఆ రోజు తెలియదు. వారం పోయాక వేగం అందుకున్నప్పుడు కిందనుంచి సన్నటి కూత మొదలవుతుంది. ఇంకో రకం దెబ్బ మూత కింది అంచుకు తగిలేది. రాయి కొస అంచు కింద దూరి రేకును పైకి ఒలిచేస్తుంది, గ్యాస్కెట్ చిరుగుతుంది, నూనె ధార కడుతుంది. అడుక్కి పొడుచుకొచ్చిన డ్రెయిన్ ప్లగ్గుది మరీ దారుణం. దాని తల రాళ్లకు రాసుకుని రాసుకుని గుండ్రమైపోతే తర్వాత ఏ పానా పట్టదు.

పైకి గీత కూడా కనిపించకుండా లోపల విరిగే సందర్భం మరొకటుంది. మామూలు డిఫరెన్షియల్‌కు ఒక గుణం ఉంది: పట్టు దొరకని చక్రం వట్టిగా గిర్రున తిరుగుతుంది, పట్టున్న చక్రం కదలకుండా నిలబడిపోతుంది. కంగారుపడిన డ్రైవరు యాక్సిలరేటర్ అదుముతాడు. గాల్లో గిరగిరా తిరిగే చక్రం ఒక్కసారి రాతిని పట్టుకుంటే ఆ వేగమంతా గేర్ల మీద, వాటి నుంచి చక్రానికి పోయే హాఫ్ షాఫ్టు మీద పడుతుంది. విరగాల్సిందేదో విరుగుతుంది. అదే ఊపులో బండి ఎగిరి కిందపడితే డిఫరెన్షియల్ నేరుగా బండరాయి మీద కూర్చుంటుంది. నేను చూసినంతలో రాయికంటే యాక్సిలరేటర్ పాడుచేసిన డిఫరెన్షియళ్లే ఎక్కువ.

లిఫ్ట్ కిట్ లెక్క

ఇప్పుడు అందరికీ ఇష్టమైన లిఫ్ట్ కిట్ సంగతి చూద్దాం. రెండంగుళాలు ఎత్తు పెంచితే రాళ్లన్నీ కిందనుంచి పోతాయని నమ్మకం. రిజిడ్ యాక్సిల్ ఉన్న బండికి లిఫ్ట్ కిట్ వేస్తే స్ప్రింగుల పైన ఉన్నదంతా లేస్తుంది: ఛాసిస్, బాడీ, సీట్లో కూర్చున్న మనం. డిఫరెన్షియల్ స్ప్రింగుల కింద, చక్రాలతో పాటు ఉంటుంది. దాని ఎత్తు ఒక్క మిల్లీమీటరు కూడా మారదు. అది లేవాలంటే ఇరుసు లేవాలి. ఇరుసు లేవాలంటే టైరు పెరగాలి. టైరు వ్యాసం ఎంత పెరిగితే అందులో సగమే డిఫరెన్షియల్‌కు దక్కుతుంది.

జిమ్నీనే లెక్కకు తీసుకుందాం. ముందూ వెనకా రిజిడ్ యాక్సిళ్లే. టైరు 195/80, రిమ్ము 15 అంగుళాలు. వ్యాసం 693 మి.మీ. వస్తుంది. అంటే ఇరుసు ఎత్తు సుమారు 346 మి.మీ. కంపెనీ చెప్పే గ్రౌండ్ క్లియరెన్స్ 210 మి.మీ. ఇలాంటి బండ్లలో ఆ కొలత సాధారణంగా డిఫరెన్షియల్ అడుగుదే. ఇప్పుడు 235/75 టైరు వేశారనుకోండి. వ్యాసం 733 మి.మీ. దాటుతుంది. 40 మి.మీ. పెరిగిందని సంబరపడేలోపు డిఫరెన్షియల్‌కు దక్కింది 20 మి.మీ. అని గుర్తుకొస్తుంది. రెండంగుళాల లిఫ్ట్ ఇచ్చింది సున్నా. లిఫ్ట్ దండగని అనడం లేదు. పెద్ద టైరుకు చోటు దొరుకుతుంది, బండి పొట్ట గట్టును రాసుకోకుండా దాటుతుంది. డిఫరెన్షియల్ పేరు చెప్పి మాత్రం ఎవరూ దాన్ని అమ్మకూడదు.

2020లో వచ్చిన కొత్త థార్ కథ కొంచెం వేరు. వెనక రిజిడ్ యాక్సిలే అయినా ముందు చక్రాలు దేనికది విడివిడిగా ఊగుతాయి. ముందు డిఫరెన్షియల్ చక్రాలతో పాటు కదలకుండా పైన, బండి అడుగుకు అంటుకుని ఉంటుంది. నిలబడి ఉన్నప్పుడు చూస్తే బాగా ఎత్తులో ఉన్నట్టే. కానీ రిజిడ్ యాక్సిల్‌లో ఒక చక్రం రాయెక్కితే దాంతోపాటు యాక్సిలూ, దాని నడుమ ఉన్న డిఫరెన్షియలూ లేస్తాయి. విడి సస్పెన్షన్‌లో ఆ సాయం తక్కువ. పైగా బండి గోతిలో పడి స్ప్రింగులు అణిగినప్పుడు బాడీతో పాటు డిఫరెన్షియల్ కూడా కిందికి దిగుతుంది. వేగంగా వచ్చి గోతిలో దిగితే నిలబడి కొలిచిన ఎత్తు ఎందుకూ పనికిరాదు. ఇలాంటి సస్పెన్షన్ ఉన్న చాలా బండ్లలో ముందు డిఫరెన్షియల్ పెట్టె అల్యూమినియందే. ఇనుము సొట్టపోతుంది, అల్యూమినియం పగులుతుంది.

తప్పించుకోవద్దు, ఎక్కండి

రోడ్డు మీద నేర్చుకున్న ఒక అలవాటు రాళ్లదారిలో కొంప ముంచుతుంది. రోడ్డు నడుమ రాయి కనిపిస్తే రెండు చక్రాల మధ్యకు వచ్చేలా పోనిస్తాం. కాలు బ్రేకు మీదికి పోకముందే చెయ్యి ఆ పని చేసేస్తుంది. కొండదారిలో అదే పని చేస్తే ఆ రాయిని తిన్నగా డిఫరెన్షియల్‌కు అప్పగించినట్టే. అక్కడ చెయ్యాల్సింది దీనికి పూర్తిగా వ్యతిరేకం: రాయి మీదికి చక్రం ఎక్కించాలి. చక్రం ఎక్కితే యాక్సిల్ లేస్తుంది, యాక్సిల్‌తో డిఫరెన్షియల్ లేస్తుంది. టైరు దెబ్బ తినడానికే పుట్టింది, రేకు మూత కాదు. డిఫరెన్షియల్ ఏ పక్కకు జరిగి ఉందో తెలిసిన డ్రైవరు ఆ పక్క చక్రాన్నే పెద్ద రాయి మీద పెడతాడు. ఆ పక్కే ఎక్కువ లేస్తుంది కనుక. ముందు చక్రం దాటిందని ఊపిరి పీల్చుకోకూడదు. వెనక చక్రం అదే దారిలో రాదు. మలుపులో అది లోపలికి జరుగుతుంది, ముందు దాటిన రాయి వెనక యాక్సిల్ నడుమకు వస్తుంది.

ఇదంతా స్టీరింగు వెనక కూర్చున్నవాడికి కనిపించదు. బానెట్ అడ్డం. అందుకే కింద దిగి చూసే మనిషి కావాలి. క్లబ్బుల వాళ్లు స్పాటర్ అని పిలిచి శిక్షణలిస్తున్నారు గానీ, మన లారీ క్లీనర్లు ఆ పని ఎప్పటినుంచో చేస్తున్నారు. బండికి ఎదురుగా నిలబడి, వెనక్కి వెనక్కి నడుస్తూ, "రానీ... రానీ... కొద్దిగా లెఫ్ట్ కొట్టన్నా... ఆపాపు!" అనే ఆ కుర్రాడి మాట విన్న డ్రైవరుకు డిఫరెన్షియల్ ఖర్చు తగ్గుతుంది. ఒక్క నియమం: మాట చెప్పేది ఒక్కరే. నలుగురు నాలుగు వైపులనుంచి అరిస్తే వినేవాడు ఎవరి మాటా వినడు.

వేగం మనిషి నడకంత. లో రేంజ్ గేరు ఇచ్చింది అందుకే. థార్‌లో అది వేగాన్ని దాదాపు రెండున్నర రెట్లు తగ్గించి అదే మేరకు బలం పెంచుతుంది. 2003లో వచ్చిన జీప్ రూబికాన్‌లో నాలుగు రెట్లు. వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలవుతుంది. గంటకు ఐదు కిలోమీటర్ల వేగంతో తగిలిన రాయి గీత పెడితే, పది కిలోమీటర్ల వేగంతో తగిలిన అదే రాయి మూతను ఒలిచేస్తుంది.

టైర్లలో గాలి తగ్గించడం మీద వాదం ఉంది. గాలి తగ్గితే టైరు చదునై డిఫరెన్షియల్ కొంత కిందికి దిగుతుంది, అది నిజమే. అయినా తగ్గించడమే మేలు. మెత్తబడిన టైరు రాయిని కరుచుకుని పాకుతుంది. గట్టి టైరు జారి, ఎగిరి, పడుతుంది. పోగొట్టుకున్న కొద్ది మిల్లీమీటర్లకంటే తప్పిన ఎగురుడు విలువెక్కువ. తిరిగి గాలి కొట్టుకునే చిన్న కంప్రెసర్ వెంట లేకుండా మాత్రం ఈ పని చెయ్యకండి.

లాకర్ కూడా ఈ లెక్కలోదే. రెండు చక్రాలనూ ఒకే వేగంతో తిప్పే లాకింగ్ డిఫరెన్షియల్ ఉంటే ఊపు మీద ఎక్కాల్సిన పని ఉండదు, నిదానంగా పాకొచ్చు. థార్‌లో కొన్ని రకాలకు వెనక మెకానికల్ లాకర్ ఉంది. రెండు చక్రాల వేగంలో తేడా ఓ మేర దాటితేనే అది పట్టుకుంటుంది. చక్రం ఒకటి రెండు చుట్లు వట్టిగా తిరిగిందని భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తే అది పట్టదు, పూర్తిగా అదిమితే పట్టిన మరుక్షణం బండి ఎగురుతుంది. ఆ నడుమ ఉన్న సన్నటి జాగా కాలికి అలవాటు కావాలి.

మన రాళ్లు నాలుగు రకాలు

అమెరికా పుస్తకం చదివి మన దారుల్లోకి దిగితే సరిపోదు. హైదరాబాద్ చుట్టూ ఉన్నవి 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ గుండ్లు. ఎండకూ వానకూ అంచులు అరిగి గుండ్రంగా ఉంటాయి. పొడిగా ఉన్నప్పుడు టైరుకు పట్టు బ్రహ్మాండం. మూతలను కోసెయ్యవు, కానీ బండి పొట్ట వాటి మీద కూర్చుంటే దించడం కష్టం. గండికోట, నల్లమల వైపు క్వార్ట్‌జైట్ రాయి. పొరలు పొరలుగా పగిలి మెట్లు మెట్లుగా ఉంటుంది, అంచు కత్తే. టైరు పక్కలను చీల్చేదీ, మూత కింది అంచును పట్టుకునేదీ ఇదే. తూర్పు కనుమల్లో, పాడేరు, మారేడుమిల్లి దారుల్లో రాయిని ఎర్రమట్టి కప్పేసి ఉంటుంది. వానాకాలం బురద కింద ఏముందో చూపుకు అందదు, కర్రతో పొడిచి చూసుకోవాలి. ఆ ఏజెన్సీ దారుల్లో సర్వీసు జీపులు నడిపినవాళ్లు ఇంకో జాగ్రత్త చెబుతారు: వాగులో గుండ్రాళ్లను నమ్మొద్దని. ముందు చక్రం తొక్కినప్పుడు పడుకుని ఉన్న రాయి లేచి నిలబడుతుంది. అప్పటిదాకా అడ్డంగా అర అడుగున్న రాయి నిలువుగా అడుగై డిఫరెన్షియల్‌కు ఎదురొస్తుంది.

వాగంటే గుర్తొచ్చింది. దూరం నడిచి వేడెక్కిన డిఫరెన్షియల్ చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోయి నీళ్లను సీళ్లలోంచి, గాలి ఆడేందుకు పెట్టిన బ్రీదర్‌లోంచి లోపలికి లాక్కుంటుంది. తర్వాత విప్పితే నూనె పాలరంగులో కనిపిస్తుంది. బ్రీదర్‌కు రబ్బరు గొట్టం తగిలించి పైన ఇంజిన్ గదిలోకి తీసుకుపోతే ఆ బెడద తగ్గుతుంది. ఖర్చు తక్కువ, ఫలం ఎక్కువ.

పల్లెల్లో బండి దింపేవాళ్లకు రాయికంటే పెద్ద శత్రువు ట్రాక్టరు జాడ. ట్రాక్టర్ల చక్రాలు పెద్దవి, పొట్ట ఎత్తు. అవి తొక్కిన దారిలో రెండు పక్కలా లోతు గాళ్లు, నడుమ గడ్డి మొలిచిన గట్టు మిగులుతాయి. మన చక్రాలు ఆ గాళ్లలో దిగాయో, డిఫరెన్షియల్ నడిమి గట్టును దున్నుకుంటూ పోతుంది. గడ్డిలో దాక్కున్న ఒక్క రాయి చాలు. ఒక చక్రాన్ని గట్టు మీదికి, రెండోదాన్ని గాడి బయటికి తెచ్చుకుని ఏటవాలుగానైనా పోవడం మంచిది.

ప్లేటు ఎలాంటిది?

ఇంత జాగ్రత్త పడినా ఎప్పుడో ఒకసారి తగులుతుంది. అప్పటికి కవచం ఉండాలి. విడి మూత ఉన్న యాక్సిల్‌కైతే పని సులువు. రేకు మూత తీసేసి మందపాటి స్టీలుదో, పోత ఇనుముదో వెయ్యొచ్చు. మెరిసే రెక్కల అల్యూమినియం మూతలు చూడ్డానికి బాగుంటాయి, వేడి తగ్గిస్తాయంటారు. బండరాయి తగిలితే పగలడమే వాటి పని, కొండదారికి అవి వద్దు. జిమ్నీ తరహా వెల్డింగ్ బుర్రలకు మీద బిగించే గార్డు గానీ, వెల్డింగ్ చేసే తొడుగు గానీ వాడాలి.

గార్డు కొనేటప్పుడు చూడాల్సింది మందం ఒక్కటే కాదు, ఆకారం. ముందు అంచు పైకి వాలి రాయి మీద జారిపోయేలా ఉండాలి. తిన్నటి అంచు ఉంటే అది రాయిని పట్టుకుంటుంది, దెబ్బ మొత్తం బోల్టుల మీద పడి అవి తెగుతాయి. బోల్టు తలలు ప్లేటులోపలికి దిగి ఉండాలి. డ్రెయిన్ ప్లగ్గుకు దారి వదలాలి. మట్టి ఇరుక్కుని గట్టిపడకుండా, నీళ్లతో కడిగితే పోయేంత సందు ఉండాలి. మరీ మందంగా చేయిస్తే కింద మిగిలిన ఎత్తును ప్లేటే మింగేస్తుంది, స్ప్రింగుల కింద బరువు పెరిగి కుదుపులూ ఎక్కువవుతాయి.

వెల్డింగ్ దగ్గర మాత్రం ఆచితూచి అడుగెయ్యాలి. డానా తరహా హౌసింగ్ నడిమి భాగం పోత ఇనుము. సందు చివర షాపులో మామూలు రాడ్డుతో అతికిస్తే చల్లారేటప్పుడే పగులుతుంది. ముందు వేడిచేసి, నికెల్ రాడ్డు వాడి, నెమ్మదిగా చల్లార్చాలి. స్టీలు హౌసింగ్‌కైనా ఒకేచోట ధారగా వెల్డింగ్ కొడితే వేడికి గొట్టం వంగుతుంది. కంటికి కనిపించనంత వంపు చాలు, హాఫ్ షాఫ్టు సీలు కారడానికి. కొంచెం ఇక్కడ, కొంచెం అక్కడ, మధ్యలో చల్లారనిస్తూ చెయ్యాలి. ఎర్త్ క్లిప్పు వెల్డింగ్ పక్కనే పెట్టాలి. చక్రం దగ్గర పెడితే కరెంటు బేరింగుల గుండా పోయి వాటి ముఖాన మచ్చలు పెడుతుంది. బ్యాటరీ కనెక్షన్ ముందే తీసెయ్యాలి. ఈ నాలుగు మాటలూ చెప్పకముందే తనంతట తాను చేసే వెల్డర్ దొరికితే వదులుకోవద్దు.

క్రౌన్ వీల్ పెద్దదైతే బలం, చిన్నదైతే ఎత్తు. డానా 30లో దాని వ్యాసం 183 మి.మీ., డానా 44లో 216, డానా 60లో 248. గట్టి యాక్సిల్ కావాలని పెద్దది వేస్తే అది అంత కిందికి వేలాడుతుంది. అమెరికాలో కొందరు హౌసింగ్ అడుగు కోసేసి, ఆ చోట మందపాటి ప్లేటు అతికించి అంగుళం దాకా సంపాదిస్తారు. ఈ పేచీని మూలంలోనే తెంచినవి పోర్టల్ యాక్సిళ్లు. 1948 నుంచి తయారవుతున్న జర్మనీ యూనిమాగ్ లారీలో యాక్సిల్ చక్రం నడిమికంటే పైన ఉంటుంది. ప్రతి చక్రం దగ్గరా ఉన్న గేర్లు బలాన్ని అక్కణ్నుంచి కిందికి దించుతాయి. అమెరికా సైన్యం హమ్వీ కూడా చక్రం దగ్గరి గేర్లతోనే 16 అంగుళాల ఎత్తు సాధించింది. మన సైన్యం నడిపే టాట్రా లారీలది మరో మార్గం. 1923లో హాన్స్ లెడ్విన్కా రూపొందించిన పద్ధతి అది. బండి నడుమ వెన్నెముకగా ఒక లావాటి గొట్టం, ఆ వరసలోనే గేర్లు, అటూ ఇటూ ఊగే అర యాక్సిళ్లు. ఇవన్నీ కారు కంపెనీలూ, సైన్యాలూ చేసుకునే పనులు. మనలాంటివాళ్లు చెయ్యబోతే చట్టం అడ్డొస్తుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటే గట్టిగా చెప్పింది. టైరు సైజు పెంచాలన్నా ముందు ఆర్టీవో ఆఫీసులో కనుక్కోవడం మంచిది.

తగిలాక ఏం చెయ్యాలి?

రాయి తగిలిన చప్పుడు వినిపిస్తే ఆపి దిగాలి. ఇంటికి పోయాక చూద్దామనుకోవద్దు. చెయ్యి పెట్టి తడిమి, వేలికి అంటిన తడి వాసన చూస్తే నీళ్లో గేర్ ఆయిలో వెంటనే తెలిసిపోతుంది. సన్నటి పగులైతే పెట్రోలుతో శుభ్రంగా తుడిచి, ఆరనిచ్చి, ఎం-సీల్ మెదిపి అంటించవచ్చు. మూత లోపలికి నొక్కుకుని గీకుతుంటే విప్పి, లోపలినుంచి సుత్తితో సరిచేసి, అనబాండ్ లాంటి గ్యాస్కెట్ జిగురు పూసి బిగించాలి. నూనె నింపాక లెవెల్ ప్లగ్గులో వేలు పెడితే తగలాలి. అందుకే రెండు మూడు లీటర్ల 80డబ్ల్యూ-90 గేర్ ఆయిల్ డిక్కీలో ఉండాలి. ఊరు చేరాక ఆ నూనె తీసేసి కొత్తది పొయ్యాలి. అయస్కాంతం ఉన్న డ్రెయిన్ ప్లగ్గుకు బూడిదరంగు మెత్తటి పేస్టు అంటితే మామూలే. గోటికి గుచ్చుకునే ముక్కలు కనిపిస్తే మేస్త్రీ దగ్గరికి పోవాల్సిందే.

విప్పేముందు కింద ప్లాస్టిక్ టబ్బు పెట్టడం మర్యాద. కాలిఫోర్నియాలో లేక్ టాహో దగ్గర రూబికాన్ ట్రయల్ అనే 35 కిలోమీటర్ల రాళ్లదారి ఉంది. 1953 నుంచి అక్కడ ఏటా జీపుల జాతర జరుగుతుంది. కారిన నూనెతోనూ, మట్టితోనూ వాగులు పాడవుతున్నాయని 2009లో అక్కడి నీటి నాణ్యతా బోర్డు స్థానిక కౌంటీకీ, అటవీ శాఖకూ ఉత్తర్వులిచ్చింది. నూనె పీల్చే కిట్ లేకుండా ఆ దారిలో దిగకూడదిప్పుడు. మనకు అలాంటి ఉత్తర్వు రాకముందే పాతగుడ్డలూ టబ్బూ వెంట పెట్టుకోవచ్చు. ఏజెన్సీలో ఆ వాగు నీళ్లే తాగే ఊళ్లున్నాయి. అమ్రాబాద్, నాగార్జునసాగర్-శ్రీశైలం వంటి అభయారణ్యాల్లోకైతే అనుమతి లేకుండా చక్రమే పెట్టకూడదు, 1972 నాటి వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు.

ఇక జేబులో డబ్బుంటే ఏది ముందు అని అడిగేవాళ్లకు నా వరస ఇది. ముందు ఒక మంచి శిక్షకుడి దగ్గర రెండు రోజులు రాళ్ల మీద నడపడం నేర్చుకోండి. తర్వాత ముందు యాక్సిల్‌కు ప్లేటు, బ్రీదర్‌కు గొట్టం. ఆ తర్వాత మంచి టైర్లు, చిన్న కంప్రెసర్. లిఫ్ట్ కిట్ ఆలోచన వీటన్నిటి తర్వాతే, అదీ అవసరమని అప్పటికీ అనిపిస్తేనే.